తెలుగు సినిమాలలో పురుషుల స్నేహం

తెలుగు సినిమాలలో పురుషుల స్నేహం మగతనాన్ని గురించిన సామాజిక భావనలతో ముడిపడిన ఒక ప్రధాన కథాంశం. ఇతర సందర్భాలలో కంటతడి పెట్టని కథానాయకుడు స్నేహితుని కోసం ఏడవడం వీటిలో తరచుగా కనిపిస్తుంది. అయితే పలు చిత్రాలలో ఈ ఆప్యాయతను త్యాగం, పోరాటం లేదా మరణం ద్వారా ఋజువు చేసుకోవలసి ఉంటుంది.

రెండు నమూనాలు

1977లో విడుదలైన రెండు చిత్రాలు ఇందుకు భిన్నమైన నమూనాలను చూపుతాయి. దానవీరశూరకర్ణ చిత్రానికి దర్శకత్వం వహించిన నందమూరి తారక రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు పాత్రలను తానే ధరించాడు. సూతపుత్రుడని అవమానం పొందిన కర్ణునికి దుర్యోధనుడు అంగరాజ్యం ఇస్తాడు. ఆ ఋణాన్ని కర్ణుడు యుద్ధరంగంలో ప్రాణమిచ్చి తీర్చుకుంటాడు. బాపు దర్శకత్వంలోని స్నేహం, హిందీ చిత్రం దోస్తీ (1964) ఆధారంగా నిర్మితమైంది. అంధుడైన బాలుడు, కుంటివాడైన బాలుడు ఒకరికొకరు ఆసరా కావడం ఇందులోని కథ. ఇక్కడ స్నేహానికి పునాది బలం కాదు, పరస్పర అవసరం.

రౌద్రం రణం రుధిరం

ఎస్.ఎస్.రాజమౌళి దర్శకత్వంలో 2022లో విడుదలైన ఈ చిత్రం, చరిత్రలో కలుసుకున్నట్లు ఆధారాలు లేని అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్‌లను స్నేహితులుగా కల్పించింది. మంటలలో చిక్కుకున్న బాలుని రక్షించడంతో వారి స్నేహం మొదలవుతుంది. 2023లో ఆస్కార్ పురస్కారం పొందిన "నాటు నాటు" పాటలో మిత్రుడు గెలవాలని రాముడు కావాలనే ఓడిపోతాడు. విదేశీ ప్రేక్షకులలో కొందరు ఈ అనుబంధాన్ని ప్రణయంగా భావించారు. మగవారు భుజంపై చేయి వేసుకుని నడవడం సాధారణమైన తెలుగునాట దీనిని ఎక్కువగా స్నేహంగానే స్వీకరించారు.

సంరక్షణ, బాధ్యత

వంశీ పైడిపల్లి దర్శకత్వంలోని ఊపిరి (2016) ఫ్రెంచి చిత్రం ఆధారంగా రూపొందింది. చక్రాల కుర్చీకి పరిమితమైన ధనికునికి (నాగార్జున) మరొక పురుషుడు (కార్తి) సేవలు చేస్తాడు. పోరాటం అవసరం లేకుండానే ఈ స్నేహం నిలబడుతుంది.

శ్రీకాకుళం జిల్లా తీరగ్రామాల మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌కు వలస వెళ్తారు. 2018లో పాకిస్తాన్ నిర్బంధించిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలయ్యారు. ఈ ఉదంతం ఆధారంగా చందూ మొండేటి తండేల్ (2025) తీశాడు. వేటబృందం నాయకుని తండేల్ అంటారు. ఇది ప్రధానంగా ప్రేమకథ అయినప్పటికీ, తోటివారిని క్షేమంగా ఇంటికి చేర్చవలసిన బాధ్యతే ఇందులో నాయకునికి గౌరవాన్ని తెచ్చిపెడుతుంది.

ఇవి కూడా చూడండి

తెలుగు సినిమా
కర్ణుడు
ఉద్దానం