మగ్గు అడుగున బొడిపె: మీకు తెలుసా?

స్నానాల గదిలోని ప్లాస్టిక్ మగ్గును ఒకసారి బోర్లించి చూడండి. చాలావాటికి అడుగున నడిమధ్య చిన్న బొడిపె తగులుతుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దూరిన దారి అది. పక్కన నిలువునా సన్నటి గీత ఉంటే, అచ్చు చెక్కలు రెండూ కలిసిన చోటు. కొన్ని వస్తువుల మీద చిన్న గడియారంలాంటి గుర్తు, చుట్టూ 1 నుంచి 12 దాకా అంకెలు, మధ్యలో బాణం కనిపిస్తాయి. బాణం చూపించేది ఆ వస్తువు పుట్టిన నెల. కంపెనీ పేరు ఎలాగూ పైన ఉంటుంది, అచ్చు చేసినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

● అచ్చులు, రేకును కోసే డైలు తయారయ్యే చోటును టూల్‌రూమ్ అంటారు. ఈ విద్యకు తెలుగునాట పెద్దబడి హైదరాబాదు బాలానగర్‌లో ఉంది. పేరు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, పొట్టిగా సి.ఐ.టి.డి. 1968లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బు సాయం ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమానిది, అమలు బాధ్యత అంతర్జాతీయ కార్మిక సంస్థది. మా గుంటూరు జిల్లా పొన్నూరువాళ్లు అంత దూరం వెళ్లక్కర్లేదు, దీని శాఖ విజయవాడలోనూ ఉంది. తెనాలి మీదుగా రైల్లో పోవచ్చు. (ఊరు పొన్నూరే అయినా స్టేషన్ బోర్డు మీద ఉండేది నిడుబ్రోలు. కొత్తగా వచ్చిన చుట్టాలు దిగాలా వద్దా అని తలుపు దగ్గరే తటపటాయిస్తారు.)

● అదే 1968లో, అదే ఐక్యరాజ్యసమితి సాయంతో మద్రాసులో ఇంకో బడి పుట్టింది. ప్లాస్టిక్ విద్య నేర్పే సీపెట్ అదే. ఒకరు అచ్చు చేస్తే ఇంకొకరు అందులో పోసే సరుకు సంగతి చూస్తారు గనక కవలలనే అనాలి. సీపెట్‌కు కూడా మన దగ్గర, గన్నవరం పక్కన సూరంపల్లిలో, ఒక కేంద్రముంది.

● సి.ఐ.టి.డి. సొసైటీగా నడుస్తుంది. లాభం పంచుకోవడానికి వాటాదారులెవరూ లేరు. విద్యార్థుల ఫీజులతోపాటు, ఫ్యాక్టరీలకు డైలు, అచ్చులు చేసిపెట్టినందుకు వచ్చే జాబ్‌వర్క్ రాబడి కూడా బడికే చేరుతుంది. సొంతంగా ఖరీదైన మిషను కొనలేని చిన్న పరిశ్రమవాడికి ఇలాంటి చోటు పెద్ద ఆసరా.

● టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమాకు పదో తరగతి పాసై, ప్రవేశపరీక్ష రాస్తే చాలు. చదువు నాలుగేళ్లు. మన వైపు పదో తరగతి ఫలితాలొచ్చాక ఇంటింటా వినిపించేది ఎంపీసీయా, బైపీసీయా అన్న ఒక్క ప్రశ్నే. ఈ మూడో దారి గురించి చెప్పేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

● కంప్యూటర్‌తో నడిచే మిషన్లు ఎన్ని వచ్చినా ఈ విద్యలో మొదటి పాఠం ఇప్పటికీ ఆకురాయితోనే. ఇనపముక్కను వైస్‌లో బిగించి, నాలుగు అంచులూ సరిగ్గా చదరంగా వచ్చేదాకా అరగదియ్యాలి. చేతులు బొబ్బలెక్కుతాయి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మంచి టూల్‌మేకర్ ఐదూ పది మైక్రాన్ల తేడా దగ్గర కూడా పేచీ పెడతాడు. డైలో ఆ కాస్త అటూయిటూ అయితే రేకు సాఫీగా తెగదు, అంచున గరుకు లేస్తుంది.

● మరి గట్టి ఉక్కును దేనితో కోస్తారు? నిప్పురవ్వలతో! వైర్‌కట్ మిషన్లో పావు మిల్లీమీటరు మందమున్న ఇత్తడి తీగ శుద్ధి చేసిన నీటిలో కదులుతూ ఉంటుంది. తీగ ఉక్కును అసలు తాకదు. సందులో సెకనుకు వేలసార్లు విద్యుత్తు చిటుక్కుమంటుంది, ఒక్కో మెరుపుకు చీమతలలో వెయ్యోవంతు లోహం కూడా ఊడదు. అయినా చివరికి బ్లేడుతో జున్నుగడ్డను కోసినట్టు ముక్క విడివడుతుంది. రవ్వలు లోహాన్ని తినెయ్యడం అంతకుముందు ఇంజనీర్లకు తలనొప్పి. ఆ తలనొప్పినే పనిముట్టుగా మార్చినవారు సోవియట్ దేశపు లాజరెంకో దంపతులు. అది 1943, యుద్ధం మధ్యలో.

● చంద్రయాన్-3 కోసం వేలాది విడిభాగాలు చేసిపెట్టింది కూడా సి.ఐ.టి.డి. లాంటి కేంద్ర ప్రభుత్వ బడుల కుటుంబానికే చెందిన భువనేశ్వర్ టూల్‌రూమ్. అక్కడా డిప్లొమా పిల్లలు నేర్చుకుంటారు.

● తెనాలిలో శిల్పులు పాత నట్లు, బోల్టులు, గేర్లు, గొలుసులు వెల్డింగ్ చేసి నిలువెత్తు విగ్రహాలు నిలబెడతారు. ఆ గేర్లలో చాలావరకు ఒకనాడు ఏదో ఒక టూల్‌రూమ్ నుంచి వచ్చిన పనిముట్లతో తయారైనవే.

● వృత్తిబడి కాకపోయినా శిక్షణ అనే మాట పొన్నూరుకు కొత్త కాదు. ఆచార్య ఎన్.జి. రంగా నిడుబ్రోలులోనే 1900లో పుట్టారు. 1930ల్లో అక్కడే రైతాంగ విద్యాలయం నడిపారు. అక్కడ నేర్పింది పనిముట్ల వాడకం కాదు, రైతు తన హక్కుల గురించి మాట్లాడటం. నేడు ఆయన పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందే బాపట్ల వ్యవసాయ కళాశాల ఉంది. 1945లో మొదలైన ఆ ఊరి చదువుకు తర్వాత వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల కూడా తోడైంది.

● కొత్త ఆలోచనకూ దారి ఉంది. 2022 మార్చిలో కేంద్రం మొదలుపెట్టిన ఎంఎస్ఎంఈ ఇన్నోవేటివ్ పథకంలో ఒక్కో ఆలోచనకు 15 లక్షల రూపాయల దాకా సాయం దొరకొచ్చు. నేరుగా ఇవ్వరు, గుర్తింపున్న ఒక సంస్థ మీ వెనక నిలబడాలి. మినుములు ఒలిచే మిషనో, తమలపాకు కట్టలు తాజాగా ఉంచే పెట్టెనో మీ మనసులో తిరుగుతుంటే, ముందు అట్టముక్కతోనో చెక్కతోనో ఒక నమూనా చేసుకుని వెళ్లండి. మాటల్లో చెబితే అచ్చులు చేసేవాళ్లకు అర్థం కాదు. కొలతలడుగుతారు.