నలభై రెండేళ్లకు తెరిచిన తలుపు

రిజర్వేషన్ల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ‘ప్రతిభ’ అన్న మాట ముందుకొస్తుంది. అవకాశాలు పంచితే ప్రమాణాలు పడిపోతాయన్న వాదన వినిపిస్తుంది. అది విన్నప్పుడల్లా నాకు అమెరికన్ బేస్‌బాల్ పిచర్ సాచెల్ పేజ్ గుర్తుకొస్తారు.

1906లో అలబామా రాష్ట్రంలోని మొబీల్‌లో నిరుపేద నల్లజాతి కుటుంబంలో ఆయన పుట్టారు. చిన్నతనంలో రైల్వే స్టేషన్‌లో ప్రయాణికుల సంచులు మోశారు. చిల్లర దొంగతనానికి బాలనేరస్థుల పాఠశాలకు పంపితే, బంతి విసిరే విద్యకు అక్కడే పదును పెట్టుకున్నారు. 1926 నుంచి నల్లజాతి వారు సొంతంగా నిర్మించుకున్న నీగ్రో లీగుల్లో ఆడారు. డిజ్జీ డీన్, బాబ్ ఫెల్లర్ వంటి శ్వేతజాతి మేటి పిచర్ల జట్లతో ప్రదర్శన మ్యాచ్‌లలో తలపడ్డారు. టికెట్లు అమ్ముకోవడానికి ఆయన చేయి కావాలి. మేజర్ లీగ్‌లో మాత్రం ఆయనకు చోటు లేదు.

నల్లవారిని ఆడనివ్వరాదని మేజర్ లీగ్ నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు. యజమానుల మౌన అంగీకారమే ఆరు దశాబ్దాలు చట్టంలా నడిచింది. మన హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతిని ఏ చట్టం రాసింది? రాయని నియమానికి బాధ్యులు ఎవరూ ఉండరు. పాటించేవారు మాత్రం అందరూ ఉంటారు.

1947లో జాకీ రాబిన్సన్ ఆ గోడను బద్దలు కొట్టారు. మరుసటి ఏడాది, 42 ఏళ్ల వయసులో, పేజ్‌ను క్లీవ్‌లాండ్ జట్టు తీసుకుంది. ఆ వయసువాణ్ని తీసుకోవడం ఆట ప్రమాణాలను దిగజార్చడమేనని ఒక ప్రముఖ క్రీడాపత్రిక సంపాదకుడు విమర్శించారు. రెండు దశాబ్దాలు తలుపు మూసి, తెరిచిన రోజున వయసు అడిగారు! ఆ సీజన్‌లో పేజ్ ఆరు విజయాలు సాధించారు, ఓడింది ఒక్కసారే. ఒక రాత్రి క్లీవ్‌లాండ్ మైదానంలో ఆయన ఆట చూడటానికి 78 వేల మందికి పైగా వచ్చారు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ఆ జట్టుదే. 1965లో, 59 ఏళ్ల వయసులో, కాన్సస్ సిటీ తరఫున మూడు ఇన్నింగ్స్‌లు బంతి విసిరి ఒక్క పరుగూ ఇవ్వలేదు.

1971లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది. అక్కడా నీగ్రో లీగుల వారికి వేరే విభాగం పెట్టాలనే తొలుత తలచారు. అది మరో గ్లాసే. నిరసన వచ్చాకే అందరి సరసన నిలిపారు. నీగ్రో లీగులను మేజర్ లీగులుగా గుర్తించడానికి 2020 దాకా పట్టింది.

మనకూ పల్వంకర్ బాలూ ఉన్నారు. చర్మకార కులంలో పుట్టిన ఈ స్పిన్నర్ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశారు. పూనాలో మైదానంలో ఆయన బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి పాత్రలో ఇచ్చారు. హిందూ జట్టు నాయకత్వం ఆయనకు ఎన్నడూ దక్కలేదు.

పేజ్ కథను ‘కష్టపడితే ఎవరైనా ఎదగవచ్చు’ అన్న నీతికథగా చదవడం అన్యాయం. అసాధారణమైన ఒక్క చేయి నలభై రెండేళ్ల దాకా సత్తా నిలుపుకుంది కనుక మనకు తెలిసింది. ముప్పైకే అలసిపోయిన చేతులెన్నో లెక్కలోకే రాలేదు. పోటీలోకి రానివ్వకుండా గెలిచినవారు తమ గెలుపును ప్రతిభ అన్నారు. రిజర్వేషన్ ప్రతిభకు పోటీ కాదు. పోటీ నిజంగా మొదలయ్యే చోటు అదే.