చర్మం మానింది, తర్వాత?

చిన్నపిల్లలు కాలేది ఎక్కువగా మంటల్లో కాదు. మరిగే నీళ్లు, టీ కప్పు, అప్పుడే దించిన సాంబారు గిన్నె. ఐదేళ్లలోపు పిల్లల విషయంలో ఇండియాలోనైనా అమెరికాలోనైనా ఇవే ముందుంటాయి. ప్రమాదం జరిగేది ఇంట్లోనే, చాలాసార్లు కన్నవాళ్ల కళ్లెదుటే. ఆ తల్లి తనను తాను తిట్టుకుంటూ ఉండగానే ఊరినుంచి ఫోన్ వస్తుంది: "అప్పుడు నువ్వేం చేస్తున్నావమ్మా?"

కాలిన చర్మానికి డాక్టర్లు చేయగలిగింది చాలానే ఉంది. తొడ దగ్గర చర్మం తీసి అతుకుతారు, కీళ్లు బిగుసుకుపోకుండా వ్యాయామాలు చేయిస్తారు. మచ్చ ఉబ్బకుండా ఒంటికి అంటుకుపోయే బిగుతు తొడుగులిచ్చి, రోజుకి దాదాపు 23 గంటలు, ఒక్కోసారి ఏడాది పైనే వేసుకోమంటారు. చెప్పడం తేలికే. అర్ధరాత్రి దురదకి తాళలేక మూడేళ్ల పిల్ల ఆ తొడుగు పీకేస్తుంటే ఏం చేయాలి? అదే తొడుగుతో అంతకుముందు యాతనపడ్డ ఇంకో తల్లి మాట అప్పుడు అక్కరకొస్తుంది.

మన ప్రభుత్వాసుపత్రుల బర్న్స్ వార్డు వరండాల్లో ఈ సాయం పేరూ ఊరూ లేకుండా జరిగిపోతూనే ఉంటుంది. పక్క మంచం పిల్లాడి తల్లి అన్నం తెచ్చిపెడుతుంది, "మావాడూ మొదట్లో ఇంతేనమ్మా" అంటుంది. అమెరికాలో ఎవరి గది వాళ్లది, ఆ వరండా లేదు. దాన్ని పనిగట్టుకుని కట్టుకోవలసి వచ్చింది. 1963లో విమాన ప్రమాదంలో తీవ్రంగా కాలిన ఆలన్ బ్రెస్లావ్ 1977లో ఫీనిక్స్ సొసైటీని స్థాపించారు. ఆ సంస్థ నడిపే 'సోర్' కార్యక్రమం కింద, గాయం నుంచి తేరుకున్నవాళ్లకీ వాళ్ల కుటుంబసభ్యులకీ శిక్షణనిచ్చి బర్న్ సెంటర్లలో కొత్త కుటుంబాల దగ్గరికి పంపుతారు. వాళ్లు వైద్యం గురించి సలహా ఇవ్వరు. ఎక్కువగా వింటారు.

బడికి తిరిగి వెళ్లడం మరో పెద్ద గండం. తానూ కాలిన గాయాల నుంచి బయటపడ్డ బార్బరా క్వేల్ నేర్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. ఎవరైనా మచ్చ గురించి అడిగితే ఏమనాలో పిల్ల ముందే సాధన చేస్తుంది: "వేడినీళ్లు పడి కాలింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. అడిగినందుకు థ్యాంక్స్." అంతే, మాట అక్కడితో అయిపోతుంది. తల ఎత్తి, కళ్లలోకి చూసి చెప్పడం కూడా ఆ సాధనలో భాగమే. అద్దం ముందు, అన్నతో, నాన్నతో పదిసార్లు చెప్పుకున్నాక ఆ ప్రశ్నంటే మునుపున్న భయం ఉండదు.

కాలిన గాయాలైన పిల్లల కోసం వేసవిలో బర్న్ క్యాంపులూ ఉంటాయి. కాలిఫోర్నియాలోని 'చాంప్ క్యాంప్' అలాంటిదే. ఇలాంటి క్యాంపులకి ఫైర్‌ఫైటర్లు కూడా వలంటీర్లుగా వస్తారు. ఈతకొలనులో అందరి ఒంటిమీదా మచ్చలే, కాబట్టి ఎవరూ ఎవరినీ తేరిపార చూడరు. వీటివల్ల ఆత్మవిశ్వాసం పెరుగుతుందా అన్నదానిపై పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పవు. చెప్పకపోయినా, ఒక వారం ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా గడపడం ఆ వయసులో చిన్న సంగతి కాదు.

అమెరికాలోని మన తెలుగు కుటుంబాల దగ్గరే చిక్కు. ఎండాకాలంలోనూ ఫుల్ హ్యాండ్స్ వేయిస్తాం, వీడియో కాల్‌లో అమ్మమ్మకి మచ్చ లేని వైపే చూపిస్తాం, ఉగాది వేడుకకి ఏదో వంక చెప్పి మానేస్తాం. "అయ్యో, ఆడపిల్ల!" అనే పరామర్శ తప్పించుకోవాలనే ఇదంతా. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ దాచడం చూసి పిల్ల నేర్చుకునేది తనలో దాచుకోవలసినదేదో ఉందనే.

అందుకే ఒక విన్నపం. ఈ దారి నడిచి బయటపడ్డ తల్లిదండ్రులు మీలో ఉంటే, మీ దగ్గర్లోని బర్న్ సెంటర్‌కి ఫోన్ చేసి, తోటి కుటుంబాలకి అండగా ఉండే వలంటీర్లు కావాలా అని అడగండి. తెలుగు వచ్చని కూడా చెప్పండి. ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా, ఐసీయూ బయట కూర్చున్న అమ్మకి ఏడవడానికి కావలసింది సొంత భాషే.