రాక్ సంగీతవిమర్శ – దాని ప్రయోజనము

సంగీతవిమర్శ యనగానే మనవారిలో ననేకులకు సభలలో జరుగు కచేరీలనుగూర్చి పత్రికలలో వచ్చు సమీక్షలు స్ఫురించును. శ్రుతిశుద్ధి, రాగభావము, తాళనిర్వాహము – వీనికి మనకు లక్షణగ్రంథములు కలవు. విమర్శకుడు వాని ననుసరించి తీర్పు చెప్పును. 1960 తరువాత ఇంగ్లండు, అమెరికా దేశములలో వ్యాపించిన రాక్ సంగీతమునకట్టి గ్రంథము లేదు. అందు రచన కాగితముపై నుండదు; రికార్డే మూలము. గిటారు బుద్ధిపూర్వకముగా బొంగురుపోవుట, గాయకుని గొంతులోని జీర, ముద్రణశాలలో చేసిన ధ్వనికల్పన – ఇవియన్నియు కృతిలోని భాగములే. కనుక నీ సంగీతమునకు విమర్శకుడు తీర్పరి యగుటకు ముందు వ్యాఖ్యాత కావలసి వచ్చెను.

మొదటి చిక్కు భాషకు సంబంధించినది. 1963 డిసెంబరు 27వ తేదీని లండను 'టైమ్స్' పత్రికలో విలియం మాన్ బీటిల్స్ పాటలనుగూర్చి యొక వ్యాసము వ్రాసెను. 'నాట్ ఎ సెకండ్ టైమ్' అను పాట చివర 'ఏయోలియన్ కేడెన్స్' అను స్వరసమాప్తి కలదనియు, మాలర్ మహాకృతి యొకటి యట్లే ముగియుననియు నాతడు చూపెను. ఆ పాటను కట్టిన జాన్ లెనన్ 1980లో, ఆ మాట కర్థమేమో తనకు తెలియదనియు, అదేవో వింతపక్షుల పేరువలె నున్నదనియు పరిహసించెను. ఇంతమాత్రమున విమర్శకుడు పొరపడెననుట సరికాదు. జోలపాడు తల్లికి రాగము పేరు తెలియునా? అయినను ఆ పరిభాష సామాన్యశ్రోతకు త్రోవ చూపలేదనుట నిజము.

1966లో పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కళాశాల విద్యార్థి పాల్ విలియమ్స్, పదునేడేండ్లవాడు, 'క్రాడాడీ' అను పత్రికను సైక్లోస్టైలు కాగితములపై ప్రారంభించెను. మరుసటి యేడు శాన్‌ఫ్రాన్సిస్కోలో 'రోలింగ్ స్టోన్' వెలువడెను. ఎలెన్ విల్లిస్ 1968 నుండి 1975 వరకు 'న్యూయార్కర్'లో వ్రాసెను. ఇట్టివారి చేతులలో నీ సంగీతమునకు తగిన విమర్శభాష యేర్పడినది.

ఆ భాష పరిపక్వమైన తీరు ఇయాన్ మాక్‌డొనాల్డ్ 1994లో ప్రకటించిన 'రివల్యూషన్ ఇన్ ది హెడ్' అను గ్రంథమున చూడవచ్చును. బీటిల్స్ పాటల నన్నింటిని ముద్రితమైన క్రమమున నొక్కొక్కటిగా నాతడు పరిశీలించెను. మూలములో లేనిది వ్రాయనని ప్రతిజ్ఞ చేసిన మన మల్లినాథసూరి పద్ధతి నాకిచ్చట జ్ఞప్తికి వచ్చును. 'టుమారో నెవర్ నోస్' అను 1966 నాటి పాటనే తీసికొందము. సామాన్యముగా పాశ్చాత్యగీతములు స్వరసమూహము నుండి స్వరసమూహమునకు సాగిపోవుచుండును. ఈ పాట దాదాపు ఒకే యాధారషడ్జముపై నిలిచి, తంబురానాదముతో సాగును. పైన టేపు ముక్కలను చుట్టగా నతికించి త్రిప్పిన ధ్వనులు. గాయకుని కంఠము తిరుగుడు స్పీకరు గుండ వచ్చినది. పెద్ద డోలులో ఉన్నిచొక్కా కుక్కి నాదమును మొద్దుబార్చిరి. ఈ సంగతులు తెలిసికొని మరల వినినచో, రణగొణధ్వనిగా తోచినది నిర్మాణముగా గోచరించును. విమర్శ యొక్క ప్రయోజన మిదియే. అదే మాక్‌డొనాల్డ్ 'హెల్టర్ స్కెల్టర్' వంటి గీతమును నిర్దాక్షిణ్యముగా త్రోసివేసెను. ఆ తీర్పు నాకు సమ్మతము గాదు. కాని దానిని ఖండింపబూనియే ఆ పాటను శ్రద్ధగా వింటిని.

విమర్శకునికి ప్రమాదములును కలవు. 1974 మే నెలలో జాన్ లాండౌ, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరీని విని, రాక్ సంగీతమునకు భవిష్యత్తు వానియందే కనబడినదని వ్రాసెను. రికార్డుకంపెనీ ఆ వాక్యమును ప్రకటనలకు వాడుకొన్నది. మరుసటి యేటి 'బార్న్ టు రన్' నిర్మాతలలో లాండౌ యొకడు; తరువాత నాతడే ఆ గాయకుని వ్యవహారకర్త యయ్యెను. తీర్పు నిజమైనదే, కాని తీర్పరి కక్షిదారు పక్షమున చేరెను.

ఇంతకన్న గంభీరమైన విషయ మింకొకటి. 1969లో లెడ్ జెప్పెలిన్ వారి తొలి రికార్డును 'రోలింగ్ స్టోన్' చిన్నచూపు చూచినది. ఆ సమీక్ష యిప్పుడు హాస్యాస్పదమైనది. అంతకన్న అడుగవలసిన ప్రశ్న, ఆ పాటల పుట్టుక యెక్కడనునది. అదే యేడు వచ్చిన 'హోల్ లాటా లవ్' పాటను, నల్లజాతి గాయకుడు మడ్డీ వాటర్స్ 1962లో పాడిన 'యూ నీడ్ లవ్' ప్రక్కన బెట్టి వినినవారికి మాటల పోలిక వెంటనే తెలియును. ఆ పాత పాటను రచించినది విల్లీ డిక్సన్. బ్లూస్ పరంపర నెరిగిన చెవి యుండిననే యీ సంబంధము పట్టువడును. వాద్యపటిమను మాత్రమే కొనియాడిన విమర్శకు పట్టువడదు. డిక్సన్ 1985లో దావా వేసెను. 1987లో రాజీ కుదిరినది. తరువాతి ముద్రణలలో రచయితల సరసన నాతని పేరును చేర్చిరి.