ఒక్క ఉత్తర్వు, పాతికేళ్ల చెట్టు

విదేశీ సరకును ధారాళంగా రానివ్వాలా, సుంకాలతో అడ్డుకోవాలా అన్న వాదం కృష్ణా డెల్టాకు కొత్తది కాదు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం పెట్టుకున్న మచిలీపట్నం నుంచి అద్దకపు నూలుబట్టలు ఓడలకెక్కి ఐరోపాలో విపరీతంగా అమ్ముడుపోతుంటే, అక్కడి నేతగాళ్ల ఒత్తిడితో ఫ్రాన్స్ 1686లో అలాంటి బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700 నాటి చట్టంతో స్వదేశంలో అమ్మకానికి వచ్చే దిగుమతులను ఆపి, 1721లో వాటిని ధరించడాన్నే నేరం చేసింది. తన మిల్లులు బలపడిన తరువాతే ఆ దేశం స్వేచ్ఛా వాణిజ్యాన్ని ప్రపంచానికి బోధించింది.

ప్రతి దేశమూ ఇతర సరకులతో పోల్చితే తనకు తక్కువ త్యాగంతో తయారయ్యే వాటిపై శ్రమ పెట్టి, మిగిలినవి కొనుక్కుంటే అందరికీ లాభమని 1817లో డేవిడ్ రికార్డో వాదించాడు. ఎదగని పరిశ్రమను బలిసిన పోటీదారు ముందు నిలబెడితే అది ఎన్నటికీ ఎదగదని, కొంతకాలం సుంకాల రక్షణ అవసరమని 1841లో ఫ్రెడరిక్ లిస్ట్ సమాధానమిచ్చాడు. ఇద్దరి వాదనలోనూ బలముంది గాని, డెల్టా రైతును ఎక్కువగా దెబ్బతీస్తున్నది విధానం ఎటువైపుందన్నది కాదు, అది ఎంతకాలం నిలుస్తుందన్నది.

2009లో అనుమతి లభించిన వనామి రొయ్య, విదేశాల నుంచి తెచ్చిన తల్లి రొయ్యలతో, అమెరికా మార్కెట్టే ప్రధాన ఆధారంగా డెల్టాలో విస్తరించింది. 2025 ఆగస్టు 27 నుంచి భారతీయ సరకులపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు, నెలల ముందే పిల్లను వదిలి మేతకు అప్పుచేసిన రైతుకు చెరువులోని పంటను వెనక్కి తీసుకునే దారి లేదు. ఇది పరాయి ప్రభుత్వం చేసినది. స్వదేశంలో ధరలు పెరగకుండా 2023 జూలైలో కేంద్రం బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతిని ఆపి, 2024 సెప్టెంబరు వరకు ఆ నిషేధాన్ని కొనసాగించినప్పుడు, వినియోగదారుకు దక్కిన ఊరట ఖర్చులో కొంత భాగాన్ని వరి రైతే భరించాడు.

అన్నిటికంటే స్పష్టమైన పాఠం డెల్టాను ఆనుకున్న మెట్టలో, బాపులపాడు, నూజివీడు, పెదవేగి ప్రాంతాల ఆయిల్ పామ్ తోటల్లో కనిపిస్తుంది. మొక్క నాటిన నాలుగో ఏడు నుంచి గెలలు కోతకొస్తాయి. తోట పాతికేళ్లకు పైగా నిలుస్తుంది. గెల ధర ముడి పామాయిల్ ధరను అనుసరిస్తుంది కాబట్టి, దిగుమతి సుంకం తగ్గినప్పుడల్లా రైతు ఆదాయానికి గండి పడుతుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెపై మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచిన కేంద్రం, తొమ్మిది నెలలైనా గడవకముందే, 2025 మే 30న దాన్ని 10 శాతానికి దించింది. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి, విజయవాడలోని పేద కుటుంబానికీ టిఫిన్ సెంటరుకూ ఈ తగ్గింపు న్యాయమైనదే. అయితే ఆ న్యాయం ఖర్చును తోట రైతు ఒక్కడిపై మోపడం అన్యాయం.

ఈ చిక్కుకు విడుపు కేంద్రం 2021 ఆగస్టులో ఆమోదించిన ఆయిల్ పామ్ మిషన్‌లోనే ఉంది. గత అయిదేళ్ల సగటు నూనె ధరపై లెక్కగట్టిన హామీ ధర కంటే మార్కెట్ ధర పడిపోతే, ఆ తేడాను సుంకంతో కాక ఖజానా నుంచి చెల్లించాలన్నది అందులోని ఆలోచన. వనామి చెరువుకు మాత్రం అలాంటి హామీ ధర ఏదీ లేదు.