నియతకాలిక నేపథ్య కార్యాలు

వెబ్ అనువర్తనాలలో ఏ వాడుకరీ కోరకుండానే, నిర్ణీత సమయాలలో గానీ నిర్ణీత వ్యవధికొకసారి గానీ సర్వరు తనంతట తాను నిర్వహించే పనులను నియతకాలిక నేపథ్య కార్యాలు అంటారు. గడువు దాటిన పుస్తకాల గురించి గ్రంథాలయం పంపే ఇమెయిళ్ళు, రాత్రివేళ డేటాబేసుకు నకలు తీయడం, కాలం చెల్లిన లాగిన్ వివరాల తొలగింపు, ఖాతాలపై వడ్డీ లెక్కింపు మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. ఈ పనులను వేళకు మొదలుపెట్టే సాధనాన్ని షెడ్యూలరు అంటారు. షెడ్యూలర్లలో చాలా పాతది, నేటికీ విస్తారంగా వాడుకలో ఉన్నది యునిక్స్ వ్యవస్థలోని క్రాన్.

అవసరం

వెబ్ సర్వరు పనితీరు ప్రశ్నోత్తరాల వంటిది. బ్రౌజరు అభ్యర్థన పంపితే సర్వరు సమాధానం ఇస్తుంది. అంతటితో ఆ పని ముగుస్తుంది. పీహెచ్‌పీ వంటి భాషలలో సాధారణంగా ప్రతి అభ్యర్థనకూ ప్రోగ్రాము కొత్తగా మొదలై, సమాధానం పంపగానే ఆగిపోతుంది. అభ్యర్థనలు లేని సమయంలో నడుస్తున్నది ఏదీ ఉండదు కనుక, "రాత్రి 2 గంటలకు ఈ పని చేయాలి" అని గుర్తుపెట్టుకునేవారే ఉండరు.

జావా, డాట్ నెట్ వంటి వేదికలలో ప్రోగ్రాము అభ్యర్థనల మధ్య కూడా సజీవంగా ఉంటుంది. అందువలన దానిలోనే ఒక టైమరును అమర్చుకోవచ్చు. జావాలో ఇందుకు 2000లో వెలువడిన 1.3 సంచిక నుండి టైమర్ అనే తరగతి ఉంది. అయితే ఈ పద్ధతిని పూర్తిగా నమ్మడానికి లేదు. ఉదాహరణకు మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ సర్వరు, అమరికలు మార్చకపోతే, 20 నిమిషాల పాటు అభ్యర్థనలేవీ రాని అనువర్తనాన్ని ఆపివేస్తుంది. దానితో పాటే లోపలి టైమరు కూడా ఆగిపోతుంది. నకలు తీయడానికి అనువైన అర్ధరాత్రి వేళే సందర్శకులు లేని వేళ కూడా కావడం ఇక్కడి చిక్కు.

క్రాన్

గ్రీకు భాషలో కాలమును సూచించే క్రోనోస్ అనే పదం నుండి ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఇది 1979లో వెలువడిన యునిక్స్ 7వ సంచికలో ఉంది. 1987లో పాల్ విక్సీ వ్రాసిన రూపాంతరం లినక్స్ పంపిణీలలో బహుళ ప్రచారం పొందింది. క్రాన్ నిమిషానికొకసారి మేలుకొని, క్రాన్‌టాబ్ అనే పట్టికను బట్టి ఆ నిమిషానికి చేయవలసిన పనులేమైనా ఉంటే మొదలుపెట్టి మళ్ళీ నిద్రపోతుంది. కనుక నిమిషం కంటే తక్కువ వ్యవధి గల పనులకు ఇది పనికిరాదు.

పట్టికలోని ప్రతి వరుసలో మొదట ఐదు గడులు, తరువాత ఆదేశం ఉంటాయి. ఆ గడులు వరుసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం. నక్షత్రపు గుర్తుకు "ఏదైనా సరే" అని అర్థం.

30 2 * * * – ప్రతిరోజూ రాత్రి 2:30కి
*/15 * * * * – ప్రతి 15 నిమిషాలకు
0 9 13 * 5 – 13వ తేదీన ఉదయం 9కి, అలాగే ప్రతి శుక్రవారం ఉదయం 9కి

మూడవ ఉదాహరణను "13వ తేదీ శుక్రవారం అయితేనే" అని చదవడం సహజం. కానీ తేదీ, వారం గడులు రెండూ నింపినప్పుడు ఏ ఒక్కటి సరిపోయినా క్రాన్ పని మొదలుపెడుతుంది.

సందర్శకుల ద్వారా నడిపే పద్ధతి

చవక హోస్టింగు ఖాతాలలో క్రాన్ వాడుకునే వీలు అన్నిచోట్లా ఉండదు. అందువలన కొన్ని సాఫ్ట్‌వేర్లు సందర్శకుల రాకనే గడియారంగా వాడుకుంటాయి. వర్డ్‌ప్రెస్‌లో ఎవరైనా పేజీని తెరచినప్పుడు, వేళ అయిన పనులేమైనా ఉన్నాయేమో చూసి వాటిని మొదలుపెట్టే ఏర్పాటు ఉంది. ఉదయం 6 గంటలకు ప్రచురించమని పెట్టిన వ్యాసం, తొలి సందర్శకుడు 8 గంటలకు వస్తే 8 గంటలకే వెలువడుతుంది. ఈ ఏర్పాటును నిలిపివేసి, అసలైన క్రాన్‌తో నడుపుకునే వీలు కూడా ఉంది.

వికీపీడియాకు ఆధారమైన మీడియావికీలోనూ పనుల వరుస అనే ఇటువంటి ఏర్పాటు ఉంది. వేలాది పేజీలలో వాడిన మూసను ఎవరైనా మార్చినప్పుడు, ఆ పేజీలన్నిటినీ అప్పటికప్పుడు సరిచేయకుండా పనులను వరుసలో చేర్చి నెమ్మదిగా పూర్తిచేస్తారు. మూసలో వర్గాన్ని మార్చిన తరువాత వర్గం పేజీ కొంతసేపు పాతగానే కనబడటానికి కారణం ఇదే. చిన్న వికీలలో ఈ వరుస పేజీ అభ్యర్థనల వెంబడే కదులుతుంది. వికీపీడియా వంటి పెద్ద సైట్లలో ఇందుకు వేరే సర్వర్లు ఉంటాయి.

కాలమండలాలు

సర్వర్లను సాధారణంగా సార్వత్రిక సమయానికి అమర్చుతారు. భారత ప్రామాణిక సమయం దానికంటే 5:30 గంటలు ముందుంటుంది కనుక, మన అర్ధరాత్రి 12 గంటలకు జరగవలసిన పనిని సర్వరులో 18:30కి పెట్టాలి. రోజువారీ పనికి ఇది చాలు. నెలవారీ పనికి మాత్రం తంటా వస్తుంది: మన 1వ తేదీ మొదలయ్యే క్షణానికి సర్వరులో ఇంకా గత నెల చివరి రోజే నడుస్తుంటుంది. అది 28 నుండి 31 వరకు ఏదైనా కావచ్చు. "చివరి రోజు" అని చెప్పే గుర్తు మామూలు క్రాన్‌లో లేదు. పనిని రోజూ 18:30కి మొదలుపెట్టి, భారత సమయం ప్రకారం 1వ తేదీ అయితేనే ముందుకు సాగేలా ప్రోగ్రాము వ్రాయడం వాడుకలో ఉన్న ఉపాయం.

వేసవిలో గడియారాలు మార్చే దేశాలలో సమస్య వేరు. అమెరికాలోని న్యూయార్క్‌లో మార్చి రెండవ ఆదివారం నాడు రాత్రి 2:30 అనే సమయమే ఉండదు. నవంబరు మొదటి ఆదివారం నాడు రాత్రి 1:30 రెండుసార్లు వస్తుంది. కొన్ని క్రాన్ రూపాంతరాలు దీనిని గమనించి సర్దుకుంటాయి. అన్నీ అలా చేయవు.

తప్పిపోవడం, రెండుసార్లు జరగడం

వేళకు పని మొదలుపెట్టడం సులభమే. అది తప్పకుండా, ఒక్కసారే జరిగేలా చూడటమే కష్టం. ఆ నిమిషంలో సర్వరు ఆగి ఉంటే క్రాన్ ఆ పనిని వదిలివేస్తుంది, తరువాత గుర్తుచేసుకోదు. ఇలా తప్పిన రోజువారీ పనులను తరువాత జరిపించడానికి అనాక్రాన్ అనే సాధనం ఉంది. మరొకవైపు, 5 నిమిషాలకొకసారి మొదలయ్యే పనికి ఒకనాడు 7 నిమిషాలు పడితే, మొదటిది ముగియకముందే రెండవది మొదలవుతుంది. లినక్స్‌లోని ఎఫ్‌లాక్ దీనిని అడ్డుకుంటుంది: తాళం తన చేత ఉన్నంతవరకు మరొక ప్రోగ్రామును మొదలు కానివ్వదు, ప్రోగ్రాము మధ్యలో చనిపోయినా తాళం దానంతట అదే విడుదలవుతుంది.

అనువర్తనం నాలుగు సర్వర్లపై నడుస్తూ ప్రతిదానిలోనూ టైమరు ఉంటే, ఒకే ఇమెయిలు నాలుగుసార్లు పోతుంది. జావాలో వాడే క్వార్ట్జ్ షెడ్యూలరు డేటాబేసులో తాళం వేసి, ఏదో ఒక సర్వరు మాత్రమే పని తీసుకునేలా చూస్తుంది. కుబెర్నెటిస్‌లోని క్రాన్‌జాబ్ 2021లో వెలువడిన 1.21 సంచికతో స్థిరరూపం పొందింది. పని అరుదుగా రెండుసార్లు మొదలుకావచ్చనీ, అసలు మొదలు కాకపోవచ్చనీ దాని మార్గదర్శకాలలోనే ఉంది.

కాబట్టి తాళాలతో పాటు పని స్వభావాన్ని కూడా మార్చుకోవడం మేలు. వడ్డీ ఇందుకు మంచి ఉదాహరణ. భారతదేశంలో 2010 ఏప్రిల్ 1 నుండి పొదుపు ఖాతాలపై వడ్డీని ఏ రోజు నిల్వపై ఆ రోజుకు లెక్కిస్తున్నారు. "ఈ రోజు వడ్డీని కలుపు" అని వ్రాసిన ప్రోగ్రాము రెండుసార్లు నడిస్తే బ్యాంకుకు నష్టం, ఒకరోజు నడవకపోతే ఖాతాదారుకు నష్టం. అదే ప్రోగ్రామును "ఈ ఖాతాకు ఏ తేదీ వరకు లెక్క పూర్తయింది? అక్కడి నుండి నిన్నటి వరకు పూర్తిచేయి" అని వ్రాసి, ఒక ఖాతాకు ఒక తేదీన ఒకే పద్దు ఉండాలని డేటాబేసులో నిబంధన పెడితే, ఎన్నిసార్లు నడిచినా ఫలితం ఒక్కటే. మూడు రోజులు ఆగినా నాలుగవ రోజున లెక్క సరిపోతుంది.

ఇమెయిళ్ళకు ఈ సౌకర్యం లేదు, ఎందుకంటే పంపినదాన్ని వెనక్కు తీసుకోలేము. పంపకముందే "పంపాము" అని వ్రాసుకుంటే, మధ్యలో ప్రోగ్రాము ఆగినప్పుడు ఆ లేఖ ఎన్నటికీ వెళ్ళదు. పంపిన తరువాత వ్రాసుకుంటే రెండుసార్లు వెళ్ళవచ్చు. పరీక్ష రుసుము గడువును గుర్తుచేసే లేఖ అయితే రెండుసార్లు వెళ్ళడమే నయం.

పర్యవేక్షణ

ఆదేశం ఏదైనా ముద్రిస్తే క్రాన్ దానిని పట్టిక యజమానికి ఇమెయిలుగా పంపుతుంది. కానీ పనే మొదలు కానప్పుడు ఏ ఇమెయిలూ రాదు; అంతా సవ్యంగా ఉన్నప్పటి నిశ్శబ్దమూ ఇదీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. రాత్రి నకలు ఆగిపోయిన సంగతి డిస్కు చెడిపోయిన నాడు గాని తెలియకపోవచ్చు. అందువలన పని ముగిసిన ప్రతిసారీ వేరొక యంత్రానికి సంకేతం పంపేలా అమర్చి, అనుకున్న వేళకు సంకేతం అందకపోతే ఆ యంత్రం హెచ్చరిక పంపేలా చేస్తారు. ఆ రెండవ యంత్రం మొదటి సర్వరుపై ఆధారపడకుండా ఉండాలి.