మామ్మగారి మతిమరపునకు తగిన కొలబద్ద

పొయ్యిమీద పాలుంచి మరచిన మామ్మగారిని జూచి “వయసు మీరినది, మతి పోయినది” అని మన యిండ్లలో తేలికగా అనుచుందుము. నిజముగా మతి తప్పుచున్నచో అది వట్టి వయసు దోషము కాదు. డిమెన్షియా యను మెదడు వ్యాధి కావచ్చును. దానిని గుర్తించుటకు వైద్యులు మొదట కొన్ని ప్రశ్నలడుగుదురు. ఆ ప్రశ్నలు మన పెద్దలకు తగియున్నవా యని యించుక విచారింపదలచితిమి.

వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైన పరీక్షను 1975లో అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ గారలు ప్రకటించిరి. దీనికి 30 మార్కులు. ఈ దినము తేదీ చెప్పవలెను; నూరులోనుండి ఏడేసి చొప్పున తీసివేయవలెను; కాగితముపై “కన్నులు మూసికొనుము” అని యున్నదానిని చదివి యట్లు చేయవలెను; ఒక వాక్యము వ్రాయవలెను; ఒకదానిపై నొకటి పడిన రెండు పంచకోణములను జూచి గీయవలెను.

ఇక దివిసీమలో నాగాయలంక చెంత నొక పల్లెలో, బడి ముఖమెరుగని మామ్మగారిని దలచుకొనుడు. ఇంగ్లీషు తేదీ ఆమెకు తెలియదు. శ్రావణ శుద్ధ దశమి యని తడుముకొనక చెప్పును. పెన్సిలు పట్టిన చేయి కాదు. వాకిట చుక్కల ముగ్గును మాత్రము ఒక్క చుక్కయు తప్పక కలుపును. ఆమెకు మార్కులు తక్కువ వచ్చినచో, కొరవడినది చదువా, మతియా? బందరులో ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన పంతులమ్మగారో, వ్యాధి యంకురించిన పిమ్మట గూడ చదువు బలముచే మంచి మార్కులే పొందవచ్చును. ఒకే కొలబద్ద యొకరికి లేని రోగమును అంటగట్టును; వేరొకరికి ఉన్న రోగమును దాచును.

కావున ప్రశ్నలను భాష మార్చినంత మాత్రమున చాలదు. వారి జీవనమునకు తగినట్లు మార్చవలెను. 1995లో డాక్టరు మేరీ గంగూలీ గారును సహచరులును హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెలలో చదువురాని వృద్ధులకు తగిన హిందీ పరీక్షను ప్రకటించిరి. చదివి కన్నులు మూయుటకు మారుగా “నన్ను జూచి నేను చేసినట్లు చేయుడు” అనిరి. వాక్యము వ్రాయుటకు మారుగా తమ యింటినిగూర్చి యొక మాట చెప్పుమనిరి. నూరునకు బదులు ఇరువదిలోనుండి మూడు తీసివేయుమనిరి. టర్కీ దేశమునను చదువుకొనని పెద్దలకు వేరొక పరీక్షాపత్రము నేర్పరచిరి. పిదప భారత వైద్య పరిశోధన మండలి పూనికతో తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళ భాషలలో పరీక్షల సంపుటి సిద్ధమైనది.

ఇంట మనమేమి చేయవలెను? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతులను మామ్మగారు పూసగ్రుచ్చినట్లు చెప్పెనని నిశ్చింతగా నుండరాదు. ఈ వ్యాధి తరచుగా తొలుత క్రొత్త జ్ఞాపకములనే హరించును. పాతవి చాలకాలము నిలుచును. ఉదయము భోజనము చేసిన సంగతి మరచుట, చిరకాలము తిరిగిన గుడివాడ వీధిలోనే యిల్లు తప్పుట, చేయి తిరిగిన పులుసు పెట్టుట తడబడుట - ఇట్టివి గమనింపవలెను. ఆమెను పొరుగింటివారితో గాక, నిరుటి ఆమెతోనే పోల్చి చూడవలెను.

వైద్యుని కడకు గొనిపోయినప్పుడు ఆమె యెంతవరకు చదివెనో ముందుగా చెప్పుడు. చెవుడు, కంటి శుక్లము గలవేమో తెలుపుడు. ప్రశ్న వినబడనివారు సమాధానమెట్లు చెప్పుదురు? థైరాయిడు లోపము, బి12 విటమిను కొరత, తీరని దుఃఖము గూడ మతిని మందగింపజేయును. వీనికి చికిత్స కలదు. మార్కులు పరీక్షకు ఆరంభమే గాని తీర్పు కాదు.

మనల నెత్తి పెంచిన చేతులవి. వానికి తెలియని పలకను చూపి, తెలివి లేదని తేల్చివేయకుందుము గాక!